గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడిందా? అపోహలు – వాస్తవాలు

అపోహ: బీటీ పత్తి (పురుగును చంపే ప్రొటీన్ తయారయ్యేలా బాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి) తిని తిని పురుగు దానికి అలవాటు పడింది.

వాస్తవం: పురుగు అలవాటు పడదు. తింటే చస్తుంది, లేదంటే ముందే ఉన్న లోపం వల్ల బతికిపోతుంది. బీటీలోని క్రై1ఏసీ ప్రొటీన్ పురుగు పేగు గోడ మీది క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని చిల్లులు పెడుతుంది. క్యాడ్‌హెరిన్ జన్యువు చెడిన పురుగులో ఆ విషానికి పట్టు దొరకదు. చేలో బీటీ ఉన్నా లేకున్నా అలాంటి చెడిన జన్యువులు పుడుతూనే ఉంటాయి. మిగతా పురుగులను చంపి, చేనును వీటికి అప్పగించింది బీటీ.

ఇలాంటి మార్పులు ముందే పుడతాయనడానికి రుజువు 1943 నాటిది. శాస్త్రవేత్తలు లూరియా, డెల్‌బ్రుక్ ఈ.కోలై బాక్టీరియాను విడివిడి గొట్టాల్లో పెంచి, బాక్టీరియాను చంపే వైరస్ ఉన్న ప్లేట్ల మీద పోశారు. వైరస్ తగిలాకే నిరోధం (తట్టుకునే శక్తి) పుట్టేదైతే అన్నింట్లోనూ కాలనీలు (బతికిన బాక్టీరియా గుంపులు) ఇంచుమించు సమానంగా రావాలి. 20 గొట్టాల ఒక ప్రయోగంలో 11 చోట్ల సున్నా, ఒకచోట ఏకంగా 107! ఆ గొట్టంలో మార్పు వైరస్ రాకముందే, తొలి తరాల్లోనే జరిగిపోయింది.

అపోహ: అయితే ఒత్తిడికీ ఉత్పరివర్తనాలకూ (జన్యువుల్లో వచ్చే మార్పులకూ) సంబంధమే లేదు.

వాస్తవం: ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో బాక్టీరియా డీఎన్ఏ దెబ్బతింటే ఎస్ఓఎస్ అనే అత్యవసర మరమ్మతు వ్యవస్థ మొదలై, తప్పులెక్కువ చేసే పాలిమరేజ్‌లు (డీఎన్ఏకు ప్రతులు తీసే ఎంజైములు) పనిలోకి దిగుతాయి. మార్పుల వేగం పెరుగుతుంది, కానీ కావలసిన మార్పే రావాలనేం లేదు. చాలీచాలని మోతాదుతో వచ్చే ముప్పు ఇదే: కణం చావదు, తప్పులు పెరుగుతాయి.

అపోహ: నాన్ బీటీ గింజలు వేస్తే ఉత్త నష్టం.

వాస్తవం: 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ ఇచ్చింది ఊరికే కాదు. ఈ నిరోధం ప్రధానంగా అంతర్గత లక్షణం, చెడిన జన్యువు రెండు ప్రతులూ ఉండాలి. నాన్ బీటీ వరుసల్లో పెరిగిన మామూలు రెక్కల పురుగులు బీటీ తిని బతికినవాటితో జతకడితే పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది, అవి బీటీ తిని చస్తాయి. అమెరికాలోని అరిజోనాలో 1997 నాటికే నిరోధక జన్యువు కనిపించినా పత్తి నిలబడింది ఇందువల్లే. మన దగ్గర ఆ చిన్న ప్యాకెట్ చాలాచోట్ల గట్టు మీదే మిగిలింది. 2010కల్లా గుజరాత్‌లో క్రై1ఏసీకి నిరోధం బయటపడింది.

మన హైబ్రిడ్లలో మరో చిక్కుంది. కాయలోని ప్రతి నాలుగు గింజల్లో సగటున ఒకదానికి క్రై1ఏసీ జన్యువు రాదు. గులాబీ రంగు పురుగు తినేది గింజలనే! ఒక్క ప్రతి ఉన్న పురుగూ అక్కడ గట్టెక్కుతుంది.

అందుకే పంటను డిసెంబరు దాటనివ్వకండి, ప్రతి అదనపు నెలా పురుగుకు మరో తరమే. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినా, పదో వంతు గుడ్డిపూలు (రేకులు విచ్చుకోని పూలు) కనిపించినా మందు కొట్టాలి. ఆఖరి తీత అయ్యాక కట్టెను ఇంటి దగ్గర కుప్ప పెట్టొద్దు. ఎండు కాయల్లో దాగిన పురుగు వచ్చే పంట దాకా ఆగగలదు.