శేషాచలం కొండల్లో ఒక రోజు నడక: అపోహలు - వాస్తవాలు

తిరుపతి నుంచి తెల్లవారి బయలుదేరి చీకటి పడకముందే ఇల్లు చేరుకునే కొండనడక ఒకటి చెప్పమని అడిగినవారికి నేను రెండు దారులు చెబుతుంటాను. ఒకటి, శ్రీవారి మెట్టు ఎక్కి అలిపిరి మీదుగా దిగడం. రెండవది, కార్తీక వానలు వెలిశాక తలకోన జలపాతం దాకా నడవడం. మనసుకు నచ్చినది ఈ రెండవదే. పన్నెండేళ్లుగా చిన్న బృందాలను ఈ దారులలో వెంటబెట్టుకుని తిరుగుతున్నాను. మనుషులు మారుతున్నారు గానీ వారు మోసుకొచ్చే అపోహలు మారడం లేదు. ఈ కొండ ఏ రాతితో ఏర్పడిందో, ఏ నెలలో తడుస్తుందో చూడకుండా, మెట్ల లెక్కనూ చెవిన పడిన కబుర్లనూ నమ్మి బయలుదేరడమే వాటిలో చాలావాటికి మూలం.

అపోహ: మెట్లు తక్కువ గనుక శ్రీవారి మెట్టు దారి సులువు.

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్న మాట నిజమే. అయితే మొదటి దారి పొడవు సుమారు 2.1 కిలోమీటర్లు కాగా, రెండవది దాదాపు 9 కిలోమీటర్లు. భాగించి చూస్తే శ్రీవారి మెట్టులో కిలోమీటరుకు 1,100కు పైగా మెట్లు వస్తాయి, అలిపిరిలో 400 కూడా రావు. అలిపిరి దారి గాలిగోపురం దాకా నిటారుగా లేచినా, ఆ తర్వాత జింకల పార్కు వైపు చాలా దూరం చదునుగా సాగి, ఊపిరి కుదుటపడ్డాకే మోకాలి మెట్టు దగ్గర మళ్ళీ పరీక్ష పెడుతుంది. శ్రీవారి మెట్టులో అటువంటి తెరిపి లేదు. సమయం కలిసొస్తుందన్నది నిజం, శ్రమ తగ్గుతుందన్నది నిజం కాదు.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగేటప్పుడు కాళ్లు వాటంతటవే నడుస్తాయి.

ఎక్కేటప్పుడు అలిసేది గుండె, ఊపిరితిత్తులు. కాసేపు కూర్చుంటే అవి తేరుకుంటాయి. దిగేటప్పుడు తొడ ముందువైపు కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది, ఆ పనికి అవి అలవాటుపడి ఉండవు. అందుకే అలిపిరి పాదాల మండపం చేరే సరికి, ఉత్సాహంగా పరుగెత్తుకుంటూ దిగిన కుర్రవాళ్ల మోకాళ్లు నిలబడినచోటే వణుకుతుంటాయి. మరుసటి రోజు కంటే రెండవ రోజు నొప్పి ఎక్కువ. అడుగు చిన్నదిగా వేసి, మెట్టుకు కొంచెం ఏటవాలుగా పాదం మోపి దిగడం ఉత్తమం. పాతకాలం భక్తులు చేతికర్ర లేకుండా కొండ దిగేవారు కారు, అది ఊరికే కాదు.

అపోహ: తిరుమల శిలాతోరణం ఎవరో చెక్కినది.

ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే కొండంతా ఇందులోనే ఉంది. శిలాతోరణం సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న సహజమైన రాతి వంపు. దానిని చెక్కినది గాలీ నీరూ మాత్రమే. ఆ రాయి క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక పొరలు గట్టిపడి రాయిగా మారినది. వయసు సుమారు 150 కోట్ల ఏళ్లు. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ క్వార్ట్‌జైట్ తనకంటే చాలా పాతదైన గ్రానైట్ మీద కూర్చున్న అంచు బయటికే కనిపిస్తుంది. కింద పొరలు లేని ముద్దరాయి, పైన పుస్తకాలు దొంతర పెట్టినట్టున్న పలకలు. ఆ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల కాలం లెక్కలో లేకుండా పోయింది. భూవిజ్ఞానులు దానిని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. బస్సు కిటికీ పక్కన కూర్చున్నవారు కూడా దానిని గమనించకుండానే దాటిపోతారు, నాకు అదొక చిన్న దిగులు.

ఈ రాతి స్వభావం తెలిస్తే నడక స్వభావం తెలుస్తుంది. పలకలు నిలువునా పగిలి విరిగిపడతాయి గనుక కొండ అంచులు గోడలా నిలుస్తాయి. అందుకే తలకోనలో నీరు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. పగుళ్లలో ఇంకిన నీరు వానలు వెలిశాక కూడా ఊటలుగా దిగుతుంది. మనం తీర్థాలని పిలుచుకునేవాటిలో చాలావాటికి అదే ఆధారం. బండ మీద మట్టి పలుచన, కాబట్టి పెద్ద వాన పడితే నీరు ఆగదు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, 2022 మే నెల దాకా భక్తులకు తెరుచుకోలేదు.

అపోహ: జలపాతం చూడాలంటే ఆషాఢ శ్రావణాలలోనే వెళ్లాలి.

పడమటి కనుమల వీడియోలు చూసి కలిగే భ్రమ ఇది. మా ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానే కోనలను నింపుతుంది. జూలైలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక బృందాన్ని నేనే తలకోన తీసుకెళ్లి, బండ మీద దారంలా జారుతున్న నీటిని చూపించి తలదించుకున్న రోజు ఉంది. నవంబరు చివరి నుంచి జనవరి దాకా సరైన కాలం. అప్పుడైనా వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున ప్రయాణం మానుకోవాలి.

అపోహ: తలకోన నీరు మూలికల మీదుగా వస్తుంది, తాగితే రోగాలు పోతాయి.

అడవిలో మూలికలు ఉన్నాయి, ఎవరూ కాదనరు. కానీ నీరు వేరును తాకినంత మాత్రాన కషాయం కాదు. అదే నీటిలో పైన కోతులు, పందులు, దుప్పులు దిగుతాయి. సెలవు రోజున షాంపూ పొట్లాలతో మనుషులూ దిగుతారు. మనిషికి మూడు లీటర్ల మంచినీరు ఇంటి నుంచే మోసుకురావాలని నేను పట్టుబడతాను. బరువని మొదట గొణిగినవారే మధ్యాహ్నానికి పక్కవారి సీసా వైపు చూస్తుంటారు.

అపోహ: ఈత వచ్చినవారికి మడుగుతో భయం లేదు.

కోనలలోని గుండాలు ఈత కొలనులు కావు. నీటి అంచున నల్లగా, ఎండినట్టు కనిపించే బండ మీద పలుచని పాచి ఉంటుంది, తడి పాదం పడగానే అది సబ్బులా జారుతుంది. ఒకసారి మంచి ఈతగాడైన కుర్రవాడు నీటిలోకి దిగకముందే అలా జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. నలుగురం వంతులవారీగా వీపున వేసుకుని అతణ్ణి దారి దాకా తెచ్చే సరికి సాయంత్రమైంది. నీటి కింద బండ లోపలికి తొలిచి ఉంటే, దూకినవారు దాని కింద ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: ఎర్రచందనం చెట్టు దగ్గర నిలబడితే గంధం వాసన వస్తుంది.

రాదు. గంధపు చెట్టుకూ ఎర్రచందనానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఎర్రచందనం వేగి చెట్టు కుటుంబానికి చెందినది; చేవకు ఉన్నది రంగు, వాసన కాదు. మొసలి వీపులా గళ్లుగళ్లుగా చీలిన నల్లని బెరడు, సాధారణంగా మూడేసి ఆకులు, చుట్టూ రెక్క అంచు ఉన్న గుండ్రని కాయ దాని గుర్తులు. ప్రపంచంలో ఇది సహజంగా పెరిగేది ముఖ్యంగా తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొండలలోనే. గుర్తుగా దాచుకుందామని చిన్న ముక్క జేబులో వేసుకున్నా నేరమే. చూడదగిన మరొకటి తలకోనలోని గిల్లతీగ, అడుగు పొడవు దాటిన దాని కాయను చూసి పెద్దవారూ పిల్లలైపోతారు.

అపోహ: గట్టిగా అరుస్తూ వెళితే ఏ జంతువూ దగ్గరకు రాదు.

చిరుతపులి సాధారణంగా మనిషిని తప్పించుకునే తిరుగుతుంది, కానీ మసక వెలుతురులో విడిగా నడిచే చిన్నపిల్లలు దానికి వేటగా కనిపించవచ్చు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక చిన్నారి ప్రాణం పోయిన తర్వాత, మధ్యాహ్నం నుంచి పిల్లలను ఆ దారిలోకి పంపడంపై ఆంక్షలు పెట్టారు. అరుపుల కంటే ముఖ్యం దారి పక్కన తిండి పారేయకపోవడం. ఎంగిలికి కుక్కలూ పందులూ చేరితే, వాటి కోసం చిరుత వస్తుంది.

నా లెక్కలో చిరుత కంటే ఏనుగు ప్రమాదకరం. అరుపు దానిని తరమదు, రెచ్చగొడుతుంది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు గుండాలకోన దగ్గర అడవిదారిలో వెళుతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. దారిలో తాజా లద్దె గానీ, కొత్తగా విరిచిన వెదురు గానీ కనిపిస్తే నేను బృందాన్ని మాట్లాడనివ్వకుండా వెనక్కి తిప్పుతాను. డబ్బు కట్టాము కదా అని అలిగినవారు ఉన్నారు, ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను.

అపోహ: అడవి అందరిదీ, అనుమతి ఎందుకు?

ఇది 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. తెరిచి ఉన్న దారులు తప్ప మిగిలిన కోనలకు అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. అడవి లోపలి తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి నాటి ముక్కోటి ఉత్సవానికి యాత్రికులను పంపుతారు, కాబట్టి ఆ దారి నడవాలనుకునేవారు ఆ తిథికి సెలవు పెట్టుకోవాలి. మిగతా రోజులలో తలకోనకే రండి. ఉదయం ఏడింటికల్లా తలకోన దారిలోని నెరబైలు ఊరు దాటి ఉంటే, మధ్యాహ్నం రెండింటికి, ఎక్కడి దాకా వెళ్లామన్నదానితో పని లేకుండా, వెనక్కి తిరుగుతాము.