మిద్దె మీద బయోఇథనాల్ మంట: వేడి ఎంత, ప్రమాదం ఎక్కడ

పుష్యమాసపు తెల్లవారుజామున అనంతపురం, కడప పల్లెల్లో వాకిట్లో చలిమంట వేసుకోవడం ఇప్పటికీ ఉంది. కంది కట్టె, పత్తి కట్టె, ఎండు కొమ్మలు, ఏవి దొరికితే అవి వేస్తారు. పట్టణంలో మిద్దె మీద అలా కుదరదు. పొగ పక్కింట్లోకి పోతుంది, నిప్పురవ్వలు ఆరేసిన బట్టల మీద పడతాయి, తెల్లారితే బూడిద ఎత్తాలి. ఈ మూడూ లేని మంట కావాలనుకునేవాళ్ళకు బయోఇథనాల్ బర్నర్ పనికొస్తుంది. కాకపోతే దాని వేడి ఎంత దూరం పోతుందో, అది ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో తెలుసుకుని కొనాలి.

బయోఇథనాల్ అంటే చెరకు మొలాసిస్, మొక్కజొన్న, నూకలు వంటివాటిని పులియబెట్టి తీసిన ఇథైల్ ఆల్కహాల్. బంకులో ఇప్పుడు దొరికే ఈ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా కలిపేది కూడా ఇదే. బర్నర్ల కోసం అమ్మే మంచి రకంలో ఇథనాల్ 95 శాతం దాకా ఉంటుంది, మిగిలింది చాలావరకు నీళ్ళు. ఎవరూ తాగకుండా చేదు పదార్థం కలుపుతారు. స్వచ్ఛమైన ఇథనాల్ ఒక లీటరు పూర్తిగా కాలితే సుమారు కిలోన్నర కార్బన్ డయాక్సైడ్, 900 గ్రాముల పైచిలుకు నీటి ఆవిరి వస్తాయి. మసి దాదాపు ఉండదు.

వేడి లెక్క చూద్దాం. లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. కరెంటు భాషలో చెప్పాలంటే ఆరు యూనిట్లకు కాస్త తక్కువ. కిలోన్నర కంటే కొంచెం తక్కువ ఎండుకట్టె కాల్చినా అంతే వస్తుంది. గంటకు అర లీటరు తాగే బర్నర్ మూడు కిలోవాట్ల హీటరుతో సమానం. వినడానికి ఇది చాలా ఎక్కువే. కానీ ఆరుబయట అందులో అధిక భాగం వేడిగాలిగా నేరుగా ఆకాశంలోకి పోతుంది. మనిషికి తగిలేది మంట నుంచి కిరణాల రూపంలో వచ్చే వేడి మాత్రమే. కట్టెమంటలో ఎర్రగా వెలిగే మసి రేణువులు, నిప్పులు ఆ కిరణాలను దండిగా ఇస్తాయి. ఇథనాల్ మంటలో మసి తక్కువ కాబట్టి కిరణాలూ తక్కువే, దాదాపు ఐదో వంతు. అంటే మూడు కిలోవాట్లలో ఆరు వందల వాట్లు. అవి అన్ని వైపులకూ పంచుకుపోతే మీటరు దూరంలో చదరపు మీటరుకు 50 వాట్లు కూడా పడవు. నడినెత్తి ఎండలో అది ఇరవయ్యో వంతు. రెండు మీటర్ల దూరానికి జరిగితే అందులోనూ నాలుగో వంతే మిగులుతుంది.

కాబట్టి ఈ బర్నర్ మిద్దెను వెచ్చబెట్టదు, చుట్టూ దగ్గరగా కూర్చున్న నలుగురైదుగురిని వెచ్చబెడుతుంది. కుర్చీలు మంటకు మీటరు దూరంలో ఉండాలి. కొంగు, చున్నీ, శాలువా అంచు మంటకు తగలకుండా ఉండాలంటే అంతకంటే దగ్గరికి జరగకూడదు. వేడి ఇంకాస్త కావాలంటే పెద్ద బర్నర్ కంటే వీపు వెనక గోడ, కాళ్ళ కింద చాప, భుజాల మీద కంబళి ఎక్కువ పనిచేస్తాయి. మంట చుట్టూ మందపాటి టఫెన్డ్ గాజు పలకలు నిలబెడితే గాలి ఆగుతుంది. గాజు కూడా వేడెక్కి కిరణాలు వెనక్కి ఇస్తుంది.

గాలి విషయంలో రాయలసీమకు అనుకూలమే ఉంది. ఇక్కడ గాలి ఉధృతంగా వీచేది జూన్ నుంచి ఆగస్టు దాకా, రామగిరి కొండల మీది గాలిమరలు గిర్రున తిరిగేదీ అప్పుడే. చలికాలపు రాత్రులు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. కానీ గండికోటలో పెన్న లోయ అంచున గాలి సుడి తిరుగుతుంది. గాలి మంటను ఒక పక్కకు వంచితే ఆ పక్క బర్నర్ అంచు బాగా కాలుతుంది. దాంతో లోపలి ఇంధనం వేగంగా ఆవిరై మంట ఇంకా పెరుగుతుంది. పక్కకు పడుకున్న మంట మళ్ళీ నిటారుగా లేవకపోతే ఆ రోజు ఆర్పేయడమే మంచిది. గండికోటలో గుడారం వేసుకున్నా సరే, గుడారంలో, గుడారం గుమ్మంలో దీన్ని వెలిగించే ఆలోచనే పెట్టుకోవద్దు.

బర్నర్‌లో ముఖ్యమైన భాగాలు నాలుగే: రెండు మూడు మిల్లీమీటర్ల మందం స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టె, లోపల ఇంధనాన్ని పీల్చుకునే సిరామిక్ ఊలు, పైన సన్నటి నోరు, ఆ నోటిని పూర్తిగా మూసే జారుడు మూత. ఊలు లేని ఖాళీ పెట్టె కొనవద్దు, అది ఒరిగితే మండే ద్రవం నేల మీద పారుతుంది. బరువు కూడా చూడాలి. ఆస్ట్రేలియా 2017లో తెచ్చిన ప్రమాణం ఇలాంటి సాధనం కనీసం 8 కిలోలు ఉండాలని, అడుగు 900 చదరపు సెంటీమీటర్లకు తగ్గకూడదని చెబుతుంది. ఆ కొలత మనమూ పాటించవచ్చు.

కింద ఏముందన్నదీ ముఖ్యమే. మన మిద్దెల మీద బేతంచర్ల, తాడిపత్రి నాపరాళ్ళు, కడప బండలు పరిచి ఉంటాయి. ఇవి పొరలు పొరలుగా ఉండే సున్నపురాళ్ళు. మంచు పడో నీళ్ళు చల్లో పొరల మధ్య తేమ ఉన్నప్పుడు వేడి తగిలితే పైపొర పెట్లి లేస్తుంది. బర్నర్ కింద నాలుగు ఇటుకలు పెట్టి గాలి ఆడే సందు వదిలితే ఈ ఇబ్బంది ఉండదు. బండల సందుల్లోకి ఒలికిన ఇంధనం ఇంకి, అక్కడే ఆవిరవుతూ ఉంటుంది. అది పూర్తిగా ఆరిపోయేదాకా అగ్గి గీయకూడదు.

ఇక అసలు ప్రమాదం బర్నర్‌లో కాదు, చేతిలో ఉన్న డబ్బాలో ఉంది. ఇథనాల్ ఆవిరి గాలిలో 3.3 నుంచి 19 శాతం దాకా కలిసినప్పుడు అంటుకుంటుంది. డబ్బాలో ద్రవం పైన ఉన్న ఖాళీలో ఎంత ఆవిరి చేరుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది: 20 డిగ్రీల దగ్గర దాదాపు 6 శాతం, 40 డిగ్రీల దగ్గర 18 శాతం. అంటే సుమారు 12 నుంచి 41 డిగ్రీల దాకా డబ్బాలోని ఖాళీ అంతా పేలడానికి సరిపోయే మిశ్రమమే. మన చలికాలపు రాత్రి నుంచి మార్చి మధ్యాహ్నం దాకా ఏ వేళ చూసినా చాలావరకు ఈ హద్దుల్లోనే ఉంటుంది. పెట్రోల్ డబ్బాలో ఆవిరి మరీ చిక్కగా ఉండటం వల్ల లోపల సాధారణంగా అంటుకోదు, ఇథనాల్‌కు ఆ రక్షణ కూడా లేదు. నిండు డబ్బా కంటే సగం ఖాళీ అయిన డబ్బా ఎక్కువ ప్రమాదం.

మంట తగ్గినట్టు కనిపించినప్పుడు మళ్ళీ ఇంధనం పోయడం వల్లే ఘోరాలు జరుగుతాయి. చివరి దశలో మంట నీలంగా, సన్నగా ఉంటుంది, వెలుతురులో అసలు కనబడదు. ఆరిందనుకుని పోస్తే ధార వెంట మంట డబ్బాలోకి పాకుతుంది. లోపలి మిశ్రమం భగ్గుమని, మిగిలిన ద్రవాన్ని మండుతూ డబ్బా మూతి నుంచి బయటికి తన్నుతుంది. కాలేది పోసేవాళ్ళు మాత్రమే కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు కూడా. డబ్బా మూతిలో మంటను అడ్డుకునే సన్నటి జల్లెడ ఉన్న ఇంధనమే కొనాలి. ఆ జల్లెడ పీకి పారేసి గరాటుతో పోయవద్దు.

మళ్ళీ ఇంధనం నింపి వెలిగించే వరుస ఇది. మూత మూసి మంట ఆర్పాక కనీసం 45 నిమిషాలు ఆగాలి. స్టీలు మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి. అప్పుడు పెట్టెలో మూడింట రెండు వంతులకు మించకుండా పోయాలి. ఒలికింది గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను, డబ్బాను మిద్దె దిగువకు పంపాలి. పిల్లలను దూరంగా కూర్చోబెట్టి, పొడవాటి లైటర్‌తో పక్క నుంచి వెలిగించాలి. మొదట నీలంగా మొదలై పది పదిహేను నిమిషాల్లో మంట పసుపుపచ్చగా మారుతుంది. అది మామూలే. మడకశిర వైపు బాగా చలి ఉన్న తెల్లవారుజామున వెలగడానికి కాస్త ఆలస్యమవుతుంది. అందుకని ఇంకాస్త ఇంధనం చల్లవద్దు.

మంట బలహీనంగా ఉండి అడుగున నీళ్ళు మిగులుతున్నాయంటే ఇంధనం నాసిరకం, లేదా మూత సరిగా పెట్టక తేమ పీల్చుకుంది. ఘాటైన వాసన వస్తే గాలి అందక సగం కాలుతోందని అర్థం. పెట్రోల్, థిన్నర్, శానిటైజర్, మిథనాల్ కలిసిన స్పిరిట్ ఇందులో ఎన్నడూ పోయకూడదు. మిథనాల్ మంట కంటికి దాదాపు కనబడదు, ఆవిరి విషం.

మూడు వైపులా టార్పాలిన్ కట్టిన పందిట్లో దీన్ని పెట్టవద్దు. గంటకు అర లీటరు కాలితే పదిహేను ఇరవై మంది ఊపిరి వదిలినంత కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది.

మంట అదుపు తప్పితే ముందు మూత. నేల మీద పారితే పొడి ఇసుక, లేదా పొడి రసాయనం నింపిన, మంటలార్పే ఏబీసీ రకం సిలిండర్. చెంబుడు నీళ్ళు పోస్తే ఆరదు, సగానికి సగం నీళ్ళు కలిసినా ఇథనాల్ మండుతూనే ఉంటుంది, పైగా పరుచుకుంటుంది. చేతిలోని డబ్బా అంటుకుంటే విసరకుండా కింద పెట్టి దూరం జరగాలి. బట్టలకు అంటుకున్నవాళ్ళను పడుకోబెట్టి దొర్లించి, ఆరాక కాలిన చోట 20 నిమిషాలు ధారగా చల్లటి నీళ్ళు పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు పూయవద్దు. 108కి ఫోన్ చేయాలి.

శివరాత్రి దాటాక బర్నర్‌తో పని ఉండదు. మిగిలిన కొద్దిపాటి ఇంధనాన్ని ఒక సాయంత్రం కాల్చేసి, పెట్టెను మూత తీసి ఆరనివ్వాలి. సీలు తీయని డబ్బాలు ఉంటే నీడన, గాలి తగిలే చోట, వంటగదికి, ఇన్వర్టర్ బ్యాటరీకి దూరంగా నిలబెట్టి ఉంచాలి. కర్నూలులో మే నెలలో 42, 43 డిగ్రీలు సాధారణం. రేకుల గదిలో ఇంకా ఎక్కువ, అక్కడ పెడితే డబ్బా ఉబ్బి సీలు వదులవుతుంది. అందుకే ఒక్క చలికాలానికి సరిపోయేంత మాత్రమే, ఐదు లీటర్లకు మించకుండా కొనాలి.