క్రిస్మస్‌కు ఇల్లు సిద్ధపడటం: అపోహలు - వాస్తవాలు

సంఘంలో సండే స్కూలు, కుటుంబ పరిచర్య బాధ్యతలు చేపట్టి పద్దెనిమిదేళ్లయింది. ప్రతి నవంబరులోనూ తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈసారైనా పండుగ హడావుడిలో ప్రభువును మరచిపోకుండా ఉండాలంటే ఏం చేయాలండీ?" ఆ ప్రశ్నలో నిజమైన ఆరాటం ఉంటుంది. దాని వెంటే కొన్ని అపోహలూ ఉంటాయి. అవి తొలగకపోతే ఎంత శ్రద్ధగా వేసుకున్న ప్రణాళికైనా డిసెంబరు రెండో వారానికే మూలన పడుతుంది. నేను తరచూ వినేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్రిస్మస్ అంటే డిసెంబరు 25. అంతకుముందు రోజులన్నీ ఏర్పాట్లకే.

వాస్తవం: క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను అనేక సంఘాలు ఆగమన కాలంగా పాటిస్తాయి. నవంబరు 30కి అతి దగ్గరగా ఉన్న ఆదివారంతో అది మొదలవుతుంది. అంటే నవంబరు 27, డిసెంబరు 3 మధ్య ఏ రోజైనా కావచ్చు. అందుకే ఈ కాలం ఒక్కో ఏడాది ఒక్కో పొడవు ఉంటుంది, తక్కువలో తక్కువ 22 రోజులు, ఎక్కువలో ఎక్కువ 28. 2023లో నాలుగో ఆదివారం డిసెంబరు 24నే వచ్చింది. నాలుగు నిండు వారాలున్నాయని లెక్క వేసుకున్న కుటుంబాలు ఆ ఏడాది చివర్లో కంగారుపడ్డాయి. కాబట్టి మొదట చేయవలసిన పని క్యాలెండరు తీసి, డిసెంబరు 25 నుంచి వెనక్కి నాలుగు ఆదివారాలు లెక్కపెట్టడం.

ఆగమనం పాటించాలని వాక్యం ఎక్కడా ఆజ్ఞాపించలేదు. పాటించని సంఘాలూ చాలా ఉన్నాయి. అయినా మీ సంఘం పాటించినా పాటించకపోయినా, ఇంటికి ఇది మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఇది ఎదురుచూడటం నేర్పుతుంది. లూకా తన సువార్తను పశువుల తొట్టితో మొదలుపెట్టలేదు. పిల్లలు లేక, వయసు మళ్లిన జెకర్యా ఎలీసబెతులతో మొదలుపెట్టాడు. తర్వాత సుమెయోను వస్తాడు, అన్న అనే ప్రవక్త్రి వస్తుంది. వాళ్లందరూ ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నవారే. కోరింది ఆ క్షణమే చేతికి రావాలనుకునే పిల్లలకు ఈ మనుషులతో పరిచయం కావాలి. పెద్దలకు ఇంకా ఎక్కువ కావాలి.

అపోహ: కార్యక్రమాలు ఎంత ఎక్కువైతే పండుగ అంత ఆత్మీయంగా ఉంటుంది.

వాస్తవం: అలసిపోయిన ఇంట్లో ప్రార్థన సాగదు. మా సంఘంలో నవంబరు చివరన కుటుంబాలన్నింటినీ కూర్చోబెట్టి ఒక పని చేయిస్తాను. డిసెంబరులో తాము చేయాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాయాలి. సంఘ కూడికలు, పాటల సాధన, పిల్లల నాటిక, ఇల్లు సర్దడం, బంధువుల రాకపోకలు, కానుకలు, ఏదీ వదలకూడదు. ప్రతి పంక్తి చివర ఆ పని ఎవరిదో పేరు కూడా రాయాలి.

ఒక ఏడాది ఒక తల్లి రాసిన కాగితంలో ప్రతి పంక్తి చివరా ఆమె పేరే ఉంది. కావాలని అలా రాయలేదు, ఉన్నది ఉన్నట్టే రాసింది. ఆమె భర్త ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. పెన్ను అడిగి తీసుకుని నాలుగు చోట్ల ఆమె పేరు కొట్టేసి తన పేరు రాశాడు. మరో రెండు పంక్తులను పూర్తిగా కొట్టేశాడు. ఆ కొట్టేసిన రెండు పంక్తులే ఆ ఇంటికి రెండు సాయంత్రాలను మిగిల్చాయి. నా దృష్టిలో పండుగ ప్రణాళిక అంటే అదే. ఏం చేర్చాలన్నది తర్వాత, ముందు ఏం తీసేయాలో తేలాలి.

సంఘం పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఇంకొక మాట కూడా చెప్పాలి. తీసేయవలసిన వాటిలో సంఘ కార్యక్రమాలూ ఉండవచ్చు. మార్త ప్రభువు కోసమే పని చేస్తోంది, అయినా ఆయన ఆమెను ఆపాడు. వారంలో ఆరు రాత్రులు సంఘంలో గడిపి ఇంటి ప్రార్థనకు ఒక్క రాత్రీ మిగలని కుటుంబాన్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. మీ పాస్టరు గారితో ముందే మాట్లాడండి. చాలామంది కాపరులు అర్థం చేసుకుంటారు.

అపోహ: కుటుంబ ప్రార్థన అంటే కనీసం అరగంట, పిల్లలు కదలకుండా కూర్చోవాలి, ఒక్క రోజూ తప్పకూడదు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ ఆపేసినన్ని కుటుంబ ప్రార్థనలను మరేదీ ఆపలేదు. తొలినాళ్లలో నేనూ ఇదే తప్పు చేశాను. రోజుకొక వాక్యభాగం, ప్రశ్నలు, చేతిపని, పాటతో మొత్తం డిసెంబరుకు ఒక పుస్తకం తయారుచేసి ఇంటింటికీ ఇచ్చాను. మొదటి వారం దాటినవాళ్లు చాలా తక్కువ. ఒక రోజు తప్పగానే వెనకబడిపోయామన్న భావం కలిగింది, రెండు రోజులు తప్పాక పుస్తకం తెరవాలంటేనే సిగ్గనిపించింది. తప్పు వాళ్లది కాదు, ఖాళీ లేకుండా నింపిన నా పుస్తకానిది.

ఇప్పుడు నేను సూచించేది పద్నాలుగు భాగాలు మాత్రమే. ప్రవక్తల నుంచి నాలుగు: యెషయా 9:2-7, యెషయా 11:1-10, యెషయా 40:1-11, మీకా 5:2-5. లూకా నుంచి ఏడు: 1:5-25, 1:26-38, 1:39-56, 1:57-80, 2:1-7, 2:8-20, 2:21-38. మత్తయి నుంచి మూడు: 1:18-25, 2:1-12, 2:13-23. కాలం 22 రోజులే ఉన్న ఏడాది కూడా ఎనిమిది రాత్రులు ఖాళీగా మిగులుతాయి. జ్వరం వచ్చిన రాత్రి, పరీక్షల ముందు రాత్రి, ఎవరో తలుపు తట్టిన రాత్రి, ఇలాంటివన్నీ ఆ ఖాళీలో ఇమిడిపోతాయి. ఎవరూ వెనకబడరు.

పిల్లలు పెద్దవాళ్లయితే లూకా సువార్తను డిసెంబరు 1 నుంచి రోజుకొక అధ్యాయం చదవవచ్చు. 24 అధ్యాయాలు కాబట్టి 24వ తేదీకి ముగుస్తుంది. పండుగ ముందు రాత్రి పునరుత్థానం చదివి నిద్రపోవడం ఎంత గొప్పగా ఉంటుందో చదివినవాళ్లకే తెలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం ఇది వద్దంటాను. మొదటి అధ్యాయంలోనే 80 వచనాలున్నాయి.

రోజుకు పది నిమిషాలు చాలు. చిన్నవాళ్ల చేతికి పని ఇవ్వండి. జర్మనీలోని హాంబర్గులో పేద పిల్లల కోసం ఆశ్రమం నడిపిన యోహాన్ విచెర్న్ 1839లో ఒక బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తూ పోతే పండుగ ఎంత దగ్గరికి వచ్చిందో పిల్లలు కళ్లతోనే చూడగలిగారు. ఇప్పుడు ఇళ్లలో కనిపించే నాలుగు కొవ్వొత్తుల వలయం అక్కడి నుంచి వచ్చిందే. దీపాలు ఆర్పి ఒక్క కొవ్వొత్తి వెలిగిస్తే, అంతవరకు గెంతుతున్న పిల్లవాడు తనంతట తానే నిశ్శబ్దమైపోతాడు. అగ్గిపుల్ల పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, ఆర్పే పని మాత్రం చిన్నవాళ్లకే ఇవ్వండి. ఆ ఊదే అవకాశం కోసమైనా ప్రార్థన చివరిదాకా కూర్చుంటారు.

అపోహ: కథ అందరికీ తెలిసిందే, కొత్తగా చదవడానికేముంది?

వాస్తవం: మనకు తెలిసింది చాలావరకు నాటికల్లో చూసిన కథ. ఒకసారి నాటిక సాధనలో సత్రం యజమాని పాత్ర ఇచ్చిన తొమ్మిదేళ్ల అమ్మాయి బైబిలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. లూకా రెండో అధ్యాయం మీద వేలు పెట్టి, "ఇందులో నేనెక్కడ ఉన్నానండీ?" అని అడిగింది. నిజమే, ఎక్కడా లేదు. సత్రంలో స్థలం లేదని లూకా రాశాడు కానీ తలుపు వేసిన యజమాని గురించి ఒక్క మాటా రాయలేదు. అంతేకాదు, అక్కడ సత్రమని అనువదించిన 'కటాలుమ' అనే గ్రీకు మాటనే ప్రభువు పస్కా భుజించిన గది విషయంలో 22:11లో విడిది గది అనే అర్థంలో లూకా వాడాడు. మంచి సమరయుని ఉపమానంలోని బాటసారుల సత్రానికి వాడిన మాట వేరు. అందుకే అది బంధువుల ఇంట్లో అతిథుల గది అయి ఉండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం.

జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. మూడన్నది కానుకల లెక్క: బంగారము, సాంబ్రాణి, బోళము. వాళ్లు వచ్చింది పశువుల పాకకు కాదు, ఇంటికి. తొట్టి పక్కన ఎద్దు, గాడిద ఉన్నాయని కూడా సువార్తల్లో లేదు. అవి యెషయా 1:3 నుంచి చిత్రకారుల ఊహలోకి వచ్చాయని చెబుతారు. ఇటలీకి చెందిన సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రేచో అనే ఊళ్లో జనన దృశ్యాన్ని కళ్లకు కట్టాలనుకున్నప్పుడు, ఆయన సిద్ధం చేయించిన వాటిలో గడ్డితో పాటు ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి.

ఇవన్నీ పిల్లల నాటికను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. "మనం అనుకునేది ఒకటి, రాసి ఉన్నది ఒకటి. ఈ రాత్రి వెతుకుదాం" అని ఇంట్లో ఒకసారి అని చూడండి. విసుగ్గా కూర్చునే పదిహేనేళ్ల కొడుకు కూడా బైబిలు ముందుకు లాక్కుంటాడు. ఆ అమ్మాయికి ఆ ఏడాది గొర్రెల కాపరి పాత్ర ఇచ్చాను.

అపోహ: డిసెంబరు 25 యేసు పుట్టినరోజని బైబిల్లో ఉంది.

వాస్తవం: లేదు. ఆ తేదీన రోములో జనన పండుగ జరిగిందని తెలిపే తొలి ఆధారం 336వ సంవత్సరానిది. అర్మేనియా సంఘం జనవరి 6న, పాత జూలియన్ క్యాలెండరు పాటించే తూర్పు సంఘాలు మన లెక్కలో జనవరి 7న జరుపుకుంటాయి. పిల్లలకు ఇది చిన్నప్పుడే చెప్పండి. తేదీ ఎలా వచ్చిందో మన దగ్గర విన్న బిడ్డ, రేపు బయట ఎవరో వాదనకు దిగితే తడబడదు.

అపోహ: కానుకలు ఉంటే పిల్లల మనసు ప్రభువు మీద నిలవదు. అవి మానేయడమే భక్తి.

వాస్తవం: కానుకలు మాన్పించిన ఇళ్లలో పిల్లలు ప్రభువును ఎక్కువ ప్రేమించడం నేను చూడలేదు. తేడా వచ్చేది వరుసలో. ముందు వాక్యం, పాట, ప్రార్థన, తర్వాత కానుకలు. కానుకలు విప్పేటప్పుడు అందరూ ఒకేసారి కాకుండా ఒకరి తర్వాత ఒకరు విప్పితే మిగతావాళ్లు చూసి సంతోషించడం నేర్చుకుంటారు. పిల్లలు కూడా తమ చేతులతో చేసినదో, తాము దాచుకున్నదో ఎవరికైనా ఇవ్వాలి. ఇచ్చినవారి పేరు తెలియకుండా ఇస్తే ఇంకా మంచిది.

అపోహ: దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ ఏడాది క్రిస్మస్ లేనట్టే.

వాస్తవం: దీని గురించి మాట్లాడటం నాకు అన్నిటికంటే ముఖ్యం. మనిషిని కోల్పోయిన ఇల్లు, ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన ఇల్లు, ఎవరో అలిగి వెళ్లిపోయిన ఇల్లు. వీళ్లు డిసెంబరులో తలుపులు మూసుకుంటారు. మిగతా అందరి ఆనందం తమను తప్పుపడుతున్నట్టు అనిపిస్తుంది.

జనన వృత్తాంతాన్ని చివరిదాకా చదవండి. మత్తయి రెండో అధ్యాయంలో రాహేలు ఏడుపు ఉంది, ఓదార్పు పొందనొల్లని తల్లి ఏడుపు. రాత్రికి రాత్రి బిడ్డను ఎత్తుకుని ఐగుప్తుకు పారిపోయిన కుటుంబం ఉంది. సుమెయోను బిడ్డను చేతుల్లోకి తీసుకున్న సంతోష ఘడియలోనే, మరియ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. వెలుగును చూసినవారు చీకటిలో నడిచిన జనులేనని యెషయా రాశాడు. ఈ కథలో దుఃఖానికి చోటు మొదటి నుంచీ ఉంది.

అలాంటి ఇంటికి నేను చెప్పేది చాలా తక్కువ. పనులన్నీ వదిలేయండి. ఒక్క కొవ్వొత్తి వెలిగించండి. వెళ్లిపోయిన వారి పేరు ప్రార్థనలో పైకి చెప్పండి, ఎందుకంటే పిల్లలు ఆ పేరు వినాలని ఎదురుచూస్తూ, మనం బాధపడతామని అడగకుండా ఉంటారు. పాడలేకపోతే పాడవద్దు. ఒకరు వాక్యం చదివితే చాలు. భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి నాలుగు వారాలూ యెషయా తొమ్మిదో అధ్యాయంలోని అదే భాగాన్ని చదివించుకుంది. అంతకు మించి ఆమె నుంచి ఎవరం ఏమీ ఆశించలేదు.

అపోహ: వాక్యం బాగా తెలిసినవాళ్లే ఇంట్లో నడిపించగలరు.

వాస్తవం: ఆ వార్త మొదట విన్నది గొర్రెల కాపరులు. చదవడం వస్తే చదవండి, రాకపోతే చదవగలిగిన బిడ్డతో చదివించండి. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియనప్పుడు తెలియదనే చెప్పండి. మరియ కూడా ఆ మాటలన్నిటినీ హృదయంలో తలపోసుకుందనే లూకా రాశాడు.

అపోహ: 25 రాత్రితో అంతా ముగిసింది.

వాస్తవం: పాత సంప్రదాయంలో పండుగ ఆ రోజే మొదలవుతుంది. పన్నెండు రోజులు సాగి, జ్ఞానుల రాకను గుర్తుచేసుకునే జనవరి 6 దాకా వెళుతుంది. 25లోపు చేయలేకపోయినవన్నీ ఈ రోజుల్లోకి జరపండి. చూడవలసిన వృద్ధులను చూడటానికి, రాయాలనుకున్న ఉత్తరానికి, మిగిలిపోయిన వాక్యభాగాలకు ఇది మంచి సమయం. హడావుడి ఉండదు, మనసు తేలికగా ఉంటుంది.

ఇంట్లో జనన దృశ్యం బొమ్మలు పెట్టేవాళ్లయితే ఒక పని చేసి చూడండి. జ్ఞానుల బొమ్మలను తొట్టి దగ్గర పెట్టకండి. ఇంటికి అవతలి చివర ఏ కిటికీ గట్టు మీదో ఉంచండి. రోజుకొక జానెడు ముందుకు జరపడం చిన్నవాళ్ల వంతు. ఒక ఇంట్లో నాలుగేళ్ల బాబు పండుగ రోజు ఉదయం కానుకలన్నీ అలాగే వదిలేసి, ముందు ఒంటెను జరపడానికి పరుగెత్తాడు. దానికి ఇంకా వంటగది గడప దాటవలసి ఉంది. తొట్టి దగ్గరికి చేరడానికి మరో పన్నెండు రోజులు పట్టింది.