డొనేషన్ ఇస్తే సీటు ఖాయమా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నన్ను దరఖాస్తుల కాలం రాగానే మన తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "యూనివర్సిటీకి ఎంత డొనేషన్ ఇస్తే మా పిల్లకు సీటు వస్తుందండీ?" డొనేషన్ అనగానే మేనేజ్‌మెంట్ కోటా గుర్తుకు రావడమే దీనికి మూలం. కోటా సీటుకు ఒక ధర ఉంటుంది, ఇక్కడ అలాంటి ధరల పట్టిక ఏదీ లేదు.

అపోహ: యాభై వేల డాలర్లు ఇస్తే దాతల జాబితాలో చేరవచ్చు.

వాస్తవం: దాతల పిల్లల పట్ల మొగ్గు ఉన్నమాట నిజమే, కానీ మధ్యతరగతి కుటుంబం రాసే చెక్కుకు ఆ మొగ్గు దక్కదు. 2018లో బోస్టన్ ఫెడరల్ కోర్టులో హార్వర్డ్‌పై జరిగిన విచారణలో 'డీన్స్ ఇంటరెస్ట్ లిస్ట్' (దాతల పిల్లల వంటి వారి పేర్లతో అడ్మిషన్ల డీన్ ఉంచే ప్రత్యేక జాబితా) వివరాలు బయటికి వచ్చాయి. ఆ జాబితాలోని వారిలో సుమారు 42 శాతం మందికి ప్రవేశం లభించగా, మొత్తం దరఖాస్తుదారుల్లో పదిమందికి ఒకరికి కూడా లభించలేదు. అక్కడ చర్చకు వచ్చినవి భవనాలు కట్టించే స్థాయి విరాళాలు. అంత ఇచ్చినా రాతపూర్వక హామీ ఉండదు, ఎందుకంటే సీటుకు ప్రతిఫలంగా ఇచ్చిన సొమ్ము చట్టం దృష్టిలో విరాళమే కాదు, దానికి పన్ను మినహాయింపు వర్తించదు.

ఆ లేని హామీనే దళారులు అమ్ముతారు. రిక్ సింగర్ అనే కన్సల్టెంట్ భారీ విరాళాన్ని వెనుక గుమ్మంగా వర్ణించి, తన పక్క గుమ్మం గుండా వస్తే సీటు ఖాయమని నమ్మబలికి, పరీక్షల్లో మోసాలతో, కోచ్‌లకు లంచాలతో 2.5 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాడు. 2019లో గుట్టు రట్టయింది, 2023 జనవరిలో అతనికి మూడున్నరేళ్ల శిక్ష పడింది, డబ్బు కట్టిన తల్లిదండ్రుల్లో పలువురు కూడా జైలుకు వెళ్లారు.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి నా ఎదుట కూర్చొని, పర్సులోంచి మడత పెట్టిన చెక్కు తీసి బల్ల మీద పరిచారు. అది ఇంటి మీద తెచ్చిన అప్పు. మెమో గీత మీద కూతురి పేరు, దరఖాస్తు నంబరు గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. చెక్కు మాత్రం యూనివర్సిటీ పేరున కాక ఒక కన్సల్టెన్సీ పేరున ఉంది. "ఇవ్వకపోతే పిల్లకు అన్యాయం చేసినదాన్ని అవుతానేమో మేడమ్" అన్నారామె. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను, దానితో వ్యాపారం చేసేవారిని క్షమించలేను. చెక్కు తిరిగి పర్సులో పెట్టించి, ఆ సాయంత్రమంతా అమ్మాయి ఎస్సే మీదే కూర్చున్నాం.

మిగిలిన వదంతులకు క్లుప్తంగానే జవాబిస్తాను. 2023 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు జాతి ప్రాతిపదికన ఇచ్చే ప్రవేశాలకు సంబంధించినది, దాతల పిల్లలకు, లెగసీలకు (పూర్వ విద్యార్థుల పిల్లలకు) చూపే మొగ్గును అది రద్దు చేయలేదు. కాలేజీ నీడ్-బ్లైండ్ అంటే ఆర్థిక సహాయం అడిగినందుకు తిరస్కరించరని మాత్రమే అర్థం, దాతల పిల్లలకు మొగ్గు ఉండదని కాదు.

దాతల సొమ్ముతోనే పేద పిల్లలకు స్కాలర్‌షిప్‌లు అందుతున్నాయి కనుక ఇది న్యాయమేనన్న వాదనను మాత్రం నేను అంగీకరించను. సీటుకు ప్రతిఫలమని ఎక్కడా రాయని ఆ విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది, అంటే అందులో కొంత భారాన్ని మోసేది సామాన్య ప్రజలే, సీటు కోల్పోయేదీ వారి పిల్లలే. 2023లో వెలువడిన ఆపర్చునిటీ ఇన్‌సైట్స్ అనే పరిశోధన సంస్థ అధ్యయనం ప్రకారం, ఒకే స్థాయి పరీక్షా మార్కులున్నప్పటికీ మధ్యతరగతి పిల్లలకన్నా అత్యంత సంపన్నులైన 1 శాతం కుటుంబాల పిల్లలు ఐవీ-ప్లస్ కాలేజీల్లో (హార్వర్డ్ వంటి ఐవీ లీగ్ సంస్థలు, వాటికి సాటి వచ్చే మరికొన్ని) చేరే అవకాశం రెండింతలకు పైగా ఉంది. కాలిఫోర్నియాలో రాష్ట్ర నిధులు అందుకునే ప్రైవేటు కాలేజీలు దాతలకు, పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపకుండా నిషేధించే చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ మాత్రం విద్యార్థుల చదువుకు రాష్ట్రం ఇచ్చే ఆర్థిక సహాయమైన కాల్ గ్రాంట్లను వదులుకొని, ఆ లోటును సొంత నిధులతో పూడ్చుకుంటూ, పాత పద్ధతినే కొనసాగించాలని నిర్ణయించుకుంది. అంతటి లోటును పూడ్చుకోగల సంస్థకు దాతల పిల్లలకిచ్చే ఆ మొగ్గు ఎందుకంత అవసరమో ఇన్నేళ్ల అనుభవం తరువాత కూడా నాకు అర్థం కావడం లేదు.