జైలు బంకులో కొలువు, సర్కారు ఫారంలో కొర్రీ

చంచల్‌గూడ జైలు గోడ పక్కనున్న పెట్రోలు బంకులో బండి ఆపితే, ట్యాంకులో పైపు పెట్టే మనిషి ఖైదీ కావచ్చు, శిక్ష ముగించుకుని బయటికొచ్చినవాడూ కావచ్చు. మీటరులో సున్నా చూసుకోమంటాడు. డబ్బు తీసుకుని చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతాడు. ‘మై నేషన్’ పేరుతో అమ్మే జైలు సరుకుల్లాగే ఈ బంకులు కూడా తెలంగాణ జైళ్ల శాఖ గొప్పగా చెప్పుకునేవే. మారిన మనిషికి పని ఇవ్వండని కంపెనీలకు చెప్పేదీ ఆ శాఖే.

అదే సర్కారు తన సొంత కొలువు దగ్గరికి వచ్చేసరికి ఒక ఫారం ముందు పెడుతుంది. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీ మీద కేసు నడిచిందా? నిర్బంధంలో ఉన్నారా? జరిమానా పడిందా? శిక్ష పడిందా? ఒక్కో ప్రశ్నకూ అవును, కాదు అని రెండే గడులు. సమాచారం దాచినా తప్పుగా రాసినా అనర్హులవుతారని కొలువుకు ఎంపికైనవాళ్లు తమ వివరాలు రాసిచ్చే కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో అన్నిటికంటే పైనే హెచ్చరిక ఉంటుంది.

కానిస్టేబుల్ తుది జాబితాలు వచ్చిన ప్రతిసారీ ఈ గొడవ రాజుకుంటుంది. ఎంపికైనా ట్రైనింగ్ లెటర్ రానివాళ్లు హైకోర్టు మెట్లెక్కుతారు. కేసులున్నవాళ్లకు ఖాకీ ఎలా ఇస్తామని ఒకరు, కొట్టేసిన కేసును ఎన్నేళ్లు మోయాలని ఇంకొకరు. ఖైదీల పునరావాసం మీద 1983లో వచ్చిన ముల్లా కమిటీ నివేదికను, ఓపెన్ జైళ్లను ఈ సందర్భంలో అందరూ తలుచుకుంటారు. వాటిని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. ఇవాళ్టి చిక్కుకు అసలు ముడి పడింది 2016 జులై 21న, సుప్రీంకోర్టులో.

అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసు అది. అప్పటికి సుప్రీంకోర్టు తీర్పులే ఒకదానికొకటి పొసగడం లేదు. 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగం కోరిన సందీప్ కుమార్ కేసులో, కుర్రతనంలో తప్పులు జరుగుతాయి, జీవితాంతం నేరస్థుడని ముద్ర వేయొద్దు అంది కోర్టు. రెండేళ్లకే, 2013లో మెహర్ సింగ్ కేసులో స్వరం మారింది. రాజీ పడి కేసు కొట్టేయించుకుంటే అది గౌరవప్రదంగా నిర్దోషి కావడం, అంటే సాక్ష్యాలు విచారించి కోర్టే తప్పు లేదని తేల్చడం కాదు, అలాంటి అభ్యర్థిని పాత కేసులు పరిశీలించే స్క్రీనింగ్ కమిటీ తిప్పి పంపొచ్చు అంది. ఈ తిరకాసు తేల్చడానికే 2016లో ముగ్గురు జడ్జీల బెంచి కూర్చుంది.

ఆ బెంచి పదకొండు సూత్రాలు రాసింది. పేపర్లు ఎక్కువగా రాసింది అందులో మెత్తటి భాగం గురించే. చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పడ్డ కేసు లాంటి స్వల్ప విషయాన్ని దాచినా యజమాని క్షమించవచ్చన్న మాట అది. జాబితాలో ఐదోదాన్ని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ముగిసిపోయిన కేసు గురించి అభ్యర్థి నిజాయితీగా రాసినా సరే, అతని పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంటుందట, ఉద్యోగం ఇచ్చితీరాలని బలవంతం చేయడానికి లేదట. దాస్తే అబద్ధం ఆడాడని పంపించవచ్చు, చెప్తే చెప్పిన విషయం చూసి పంపించవచ్చు. వెనక్కి పంపిన ఆర్డర్లలో తరచూ కనిపించేది మాత్రం మొదటి కారణమే, ‘సమాచారం దాచారు’ అని. ఏం చేశాడన్నది అడుగున పడిపోయి, ఏ గడిలో టిక్ పెట్టాడన్నది నేరమై కూర్చుంది.

ఈ మెలిక మన ఊళ్లలో ఎలా దిగుతుందో చూడండి. గెట్టు తగాదా. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు తోసుకుంటారు. ఫిర్యాదు రాసేటప్పుడు పక్కనున్నవాళ్లు ‘వాళ్ల పిల్లగాడి పేరు కూడా ఎక్కియ్యి’ అంటారు. పిల్లాడు అప్పుడు డిగ్రీ మొదటి ఏడు. కొట్టాడని, బెదిరించాడని పాత ఐపీసీ సెక్షన్లు 323, 506. రెండేళ్లు వాయిదాలకు తిరిగాక, లోక్ అదాలత్ వస్తోంది, తెంపేసుకోండని స్టేషన్ నుంచే ఫోన్ వస్తుంది. కోర్టు ఆవరణలో ఫ్లెక్సీ మీద ‘రాజీ మార్గమే రాజమార్గం’ అని ఉంటుంది. సంతకాలు చేసి, చాయ్ తాగి ఇంటికి వస్తారు. మూడేళ్లకు పిల్లాడు కానిస్టేబుల్‌కు ఎంపికవుతాడు. అప్పుడు తెలుస్తుంది, ఆ రాజీ అతన్ని నిర్దోషిని చేసింది గానీ గౌరవప్రదమైన నిర్దోషిని చేయలేదని.

పోలీసు శాఖ వాదన కూడా ఉంది. తుపాకీ, లాఠీ చేతికిచ్చి జనం మీదికి పంపే ఉద్యోగానికి వడపోత ఉండాలంటారు, ఫారం దగ్గరే అబద్ధం ఆడినవాడు రేపు సాక్ష్యం దగ్గర ఆడడా అంటారు. ఖాకీ వరకూ అది కొట్టిపారేసే మాట కాదు. కానీ ఈ గడులు ఖాకీ దగ్గర ఆగిపోలేదు. కేంద్ర ప్రభుత్వంలో అటెండరు కొలువుకు ఎంపికైనా ఇవే ప్రశ్నలు.

ఇక్కడ ఒక పాత చట్టం గుర్తుచేయాలి. 1958 ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుతో వదిలిన మనిషికి, శిక్ష పడినందుకు వచ్చే అనర్హత ఏదీ అంటదని అందులో ఉంది. చదవడానికి ఎంత హాయిగా ఉందో! 1990లో బక్షీరామ్ అనే సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కేసులో సుప్రీంకోర్టు దాని చుట్టూ గీత గీసేసింది. ఆ సెక్షన్ వేరే చట్టాల్లో రాసిన అనర్హతను తొలగిస్తుంది తప్ప పోయిన ఉద్యోగాన్ని తెచ్చిపెట్టదంది.

తెలంగాణకు ఈ బాధ ఇంకో దారిలో కూడా తెలుసు. 2009 నుంచి ఉద్యమంలో కేసులు పడ్డ విద్యార్థులు కొలువుల వయసుకొచ్చేసరికి రాష్ట్రం వచ్చింది. ప్రభుత్వం విడతలవారీగా ఉద్యమ కేసులు ఎత్తేసింది. రైల్‌రోకో కేసులు మాత్రం రైల్వే చట్టం కిందివి కావడంతో చాలాకాలం వేలాడాయి. మనవాళ్ల మీదున్న కేసు ఉత్త కాగితమేనని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. తర్వాత 2022 జూన్ 17న సైన్యంలో నాలుగేళ్ల కొలువుల పథకం అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా జరిగిన గొడవలో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోయారు, పదుల సంఖ్యలో యువకులు జైలుకెళ్లారు. రెండు రోజులకే సైన్యం అధికారులు ప్రెస్‌మీట్ పెట్టి, ఈ ఆందోళనల్లో పాల్గొనలేదని రాసిచ్చినవాళ్లకే అవకాశమని, పోలీసు వెరిఫికేషన్ తప్పదని చెప్పేశారు. వాళ్ల తరఫున జీవో ఇచ్చేవాళ్లెవరూ లేరు.

‘అరెస్టు’ అన్న గడి ఎంత పెద్ద వలో చెప్పడానికి ఒక లెక్క చాలు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి శిక్ష పడనే లేదు. ఆ గడిలో మాత్రం వాళ్లంతా ‘అవును’ రాయాల్సినవాళ్లే.

నిజంగా శిక్ష అనుభవించి వచ్చినవాడి సంగతి ఇంకా అన్యాయం. ఊళ్లో పని దొరక్క నగరానికొచ్చే మనిషికి తేలిగ్గా దొరికేది సెక్యూరిటీ గార్డు పని. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 10వ సెక్షన్ అక్కడా తలుపు మూసేసింది. కోర్టులో శిక్ష పడ్డ మనిషిని ఏజెన్సీ గార్డుగా పెట్టుకోకూడదు. ఏ నేరం, ఎన్నేళ్ల కిందట అన్న ప్రశ్నే ఆ వాక్యంలో లేదు. జైలు బంకులో నోట్లు లెక్కపెట్టిన చేతులు, ఏజెన్సీ తరఫున అపార్ట్‌మెంట్ గేటు తీయడానికి మాత్రం పనికిరావు.

2024 ఫిబ్రవరిలో రవీంద్ర కుమార్ కేసులో సుప్రీంకోర్టు కాస్త వెనక్కి తగ్గింది. చెప్పని ప్రతి విషయాన్నీ ఒకే గాటన కట్టి అనర్హులంటే అన్యాయమంది, ఆ యూపీ అభ్యర్థికి కానిస్టేబుల్ ఉద్యోగం ఇమ్మంది. కానీ అది ఇద్దరు జడ్జీల బెంచి, ముగ్గురు జడ్జీలు రాసినదాన్ని మార్చలేదు. 2016 నాటి ఐదో సూత్రం అలాగే ఉంది.

గెట్టు తగాదా కేసులు చూసే లాయరు ఒకాయన నాకు తెలుసు. ఇదివరకు లోక్ అదాలత్ తేదీ రాగానే కక్షిదారులకు తనే ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఇంట్లో కానిస్టేబుల్‌కు కోచింగ్ తీసుకునే పిల్లాడున్నాడా అని ముందు అడుగుతున్నాడు. ఉన్నాడంటే రాజీ వద్దంటున్నాడు. ‘వాయిదాలు పడనీ. సాక్షులు రానీ. తీర్పు కాగితం మీద పడాలి’ అంటున్నాడు.