మార్కెట్ విధానాలు మనసుల్ని మారుస్తాయా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కొనుగోళ్లు, అమ్మకాలకు అలవాటుపడ్డ సమాజం స్వార్థంగా తయారవుతుంది.

వాస్తవం: మానవ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో ఒక ఆట ఆడించింది. ఒకరి చేతికి కొంత సొమ్మిస్తారు. అందులో ఎంత పంచుతారో ఆ మనిషి చెప్పాలి. ఎదుటి మనిషెవరో తెలియదు, వాళ్లు ఒప్పుకోకపోతే ఇద్దరికీ సున్నా. సంతతో పెద్దగా పనిలేని పెరూలోని మాచిగెంగా తెగవాళ్లు సగటున 26 శాతమే ఇవ్వజూపారు. మార్కెట్‌తో సంబంధం పెరిగేకొద్దీ వాటా పెరిగింది. అలాగని గొప్పంతా మార్కెట్‌దే కాదు. అందరికంటే ఎక్కువ ఇవ్వజూపింది ఇండోనేషియాలోని లమలెరా వాళ్లు. అక్కడ తిమింగలం వేటకు ఊరంతా కలవాల్సిందే.

అపోహ: అయితే మార్కెట్లు తెరిస్తే పరాయివాళ్లంటే వ్యతిరేకత పోతుంది.

వాస్తవం: అలా తేల్చి చెప్పలేం. ముందు సర్వేల్లో ఏమడుగుతారో చూడండి. ప్రపంచ విలువల సర్వేలో 'పక్కింట్లో ఎవరుంటే మీకిష్టం ఉండదు?' అని ఒక ప్రశ్న, 'ఉద్యోగాలు తక్కువైతే ముందు మన దేశస్థులకే ఇవ్వాలా?' అని ఇంకొకటి ఉంటాయి. మొదటిది సాంఘిక దూరాన్ని కొలుస్తుంది, రెండోది పోటీ భయాన్ని. పక్కింట్లో ఉంటే అభ్యంతరం లేనివాళ్లే ఉద్యోగం దగ్గర అడ్డం తిరగొచ్చు. రెంటినీ కలిపి ఒకే సూచీ తయారుచేస్తే ఏదీ తేలదు.

భారత తీరంలోని మధ్యయుగపు రేవు పట్టణాల్లో తర్వాతి కాలంలో హిందూ-ముస్లిం అల్లర్లు తక్కువని ఆర్థికవేత్త సౌమిత్ర ఝా చూపించారు. ముస్లిం వర్తకులకున్న సముద్ర వ్యాపార సంబంధాలు స్థానికులు అనుకరించలేనివి, లాక్కోలేనివి. ఒకరి పని ఇంకొకరికి అవసరమైన చోట వ్యాపారం కలుపుతుంది. ఒకే పనికి ఇద్దరు ఎగబడే చోట ఆ ఫలితం ఆశించకూడదు.

అపోహ: పేదల మీద చిన్నచూపు మితవాద (రైట్ వింగ్) ఓటర్లదే.

వాస్తవం: కాదు. పన్నులు పెరిగినా సరే, పేదల భత్యాలకు ఇంకా ఖర్చు చేయాలన్న బ్రిటన్ ప్రజలు 1989లో 61 శాతం, 2009లో 27 శాతం. ఈ మద్దతు బాగా పడిపోయింది వామపక్షం వైపుండే లేబర్ పార్టీ మద్దతుదారుల్లోనే.

అపోహ: సాయానికి గట్టి షరతులు పెడితే పేదలపై జనానికి నమ్మకం కుదురుతుంది.

వాస్తవం: అమెరికా 1996లో ఈ పనే చేసింది. పని చేయాలన్న షరతు, కేంద్ర నిధుల సాయానికి జీవితకాలంలో 5 ఏళ్ల గడువు, చట్టబద్ధంగా కొత్తగా వచ్చే వలసదారుల్లో చాలామందికి మొదటి 5 ఏళ్లు సాయం బంద్. సోమరులన్న ఫిర్యాదు పోతే జనం ఉదారంగా మారతారని లెక్క. రాజనీతి శాస్త్రవేత్తలు జో సాస్, శాన్‌ఫర్డ్ ష్రామ్ తర్వాతి అభిప్రాయ సేకరణలు పరిశీలిస్తే ఆ మార్పు కనబడలేదు. షరతు ఉంటే తనిఖీ తప్పదు, తనిఖీ ఉన్నచోట అనుమానమూ ఉంటుంది. పైగా ఆదాయ పరిమితికి కాస్త పైనున్న కుటుంబం పన్ను కడుతుంది, సాయం మాత్రం అందదు. అందరికంటే గట్టిగా గొణిగేది తరచూ ఆ ఇల్లే.