తియ్యొద్దు సార్, బాగానే ఉండా

మే నెలలో నెల్లూరులో సాయంత్రం నాలుగున్నరకి సిమెంటు కోర్టు మీద అరచెయ్యి ఆనించి చూడండి, పది సెకన్లు ఉంచలేరు. అట్టాంటి కోర్టు మీద పోయిన ఎండాకాలం మా పిల్లోళ్లకి కావలి టీంతో బాస్కెట్‌బాల్ మ్యాచ్ పడింది. కోచ్‌ని నేనే, బెంచ్ మీద ముగ్గురు ఉన్నా కూడా బాగా ఆడే ఐదుగురినే మూడు క్వార్టర్లు కదపకుండా ఆడించేశా. 11 పాయింట్ల లీడ్‌లో ఉండాం. నాలుగో క్వార్టర్‌లో మా పాయింట్ గార్డ్, అంటే బంతి పట్టుకుని ఆట నడిపేవాడు, వేసే షాట్లన్నీ రింగు ముందంచుకి తగిలి వెనక్కి రావడం మొదలైంది, దగ్గరికి పిలిచి తీసేదా అనడిగితే "తియ్యొద్దు సార్, బాగానే ఉండా" అన్నాడు. నమ్మేశా. మ్యాచ్ పోయింది.

వాడేం అబద్ధం చెప్పలా. ఆటలో ఉన్నోడికి తన అలసట ఆలస్యంగా తెలుస్తది, బయటోళ్లకి మాత్రం ముందే కనపడతది: డిఫెన్స్‌లో మోకాళ్లు వంచి నిలబడేవాడు నిటారుగా లేచిపోతాడు, రింగుకి తగిలి వచ్చే బంతి (రీబౌండ్) కోసం సగమే ఎగురుతాడు, షాట్ షార్ట్ పడతది, ఎందుకంటే జంప్ షాట్‌కి బలం వచ్చేది చేతుల్లోంచి కన్నా కాళ్లలోంచి ఎక్కువ. రొయ్యల గుంటలు ఉన్నోళ్లకి ఇదంతా చెప్పక్కర్లా, రొయ్య నీళ్ల మీదకి తేలాక ఏరియేటర్ వేస్తే ఏం లాభం, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోద్దని ముందే తెలుసు గనక రాత్రంతా తిప్పుతారు.

ఇంతకీ కండలో జరిగేదేందంటే, ఒక్కసారిగా ఉరికి ఎగరడానికి కావాల్సిన ఏటీపీ, అంటే కండకి ఇంధనం, రెండు మూడు సెకన్లకి సరిపడా మాత్రమే రెడీగా ఉంటది. దాన్ని వెంటవెంటనే నింపేది కండలోనే ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, అది కూడా ఫుల్ స్పీడులో సుమారు పది సెకన్ల సరుకే. బాస్కెట్‌బాల్ అంతా ఇట్టాంటి చిన్న చిన్న ఉరుకులే కదా, బంతి దొరగ్గానే అవతలి రింగు వైపు ఉరుకు (ఫాస్ట్ బ్రేక్), మళ్లీ వెనక్కి, మళ్లీ ఎగురు. మంచి సంగతేందంటే ఈ సరుకు కూర్చోగానే గబగబా నిండుతది, దాదాపు అర నిమిషంలో సగం, ఆ మిగతా సగానికి మాత్రం మూడు నుంచి ఐదు నిమిషాలు. అంటే రెస్ట్‌లో మొదటి నిమిషమే బంగారం. ఒక్కణ్ణి ఎనిమిది నిమిషాలు కూర్చోబెట్టే బదులు రెండు మూడు సార్లు కొంచెం కొంచెం కూర్చోబెడితే కాళ్లు తాజాగా ఉంటాయి.

కానీ ఇది కండ గడియారం. మన ఊళ్లో ఇంకో గడియారం ఉంది, వేడిది, అది మహా నిదానం. కండ ఖర్చుపెట్టే శక్తిలో ఆటకి పనికొచ్చేది పావు వంతో అంతకన్నా తక్కువో, మిగతాదంతా వేడి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతది, ఆవిరైతేనే! సముద్రం గాలి తగిలి చొక్కా పిండితే కారేలా ఉన్న సాయంత్రం చెమట కిందకి కారిపోద్ది తప్ప ఆరదు, కారిపోయిన చెమట ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు. కాబట్టి ఒక నిమిషం కూర్చుంటే కాళ్లు నిండుతాయేమో గానీ ఒళ్లు చల్లబడదు, నీడ, నీళ్లు, తడి టవల్, ఎవరన్నా అట్టముక్కతో విసరడం, ఇవన్నీ ఉండాలి. ఏసీ ఇండోర్‌లో అయితే కథ రివర్స్, ఎక్కువసేపు కూర్చుంటే కండ చల్లబడి లేవగానే స్పీడు రాదు.

ఇంకో ఇబ్బంది, సబ్‌స్టిట్యూషన్ మన ఇష్టమొచ్చినప్పుడు కుదరదు, బంతి డెడ్ అయ్యి గడియారం ఆగితేనే. అందుకే ఫస్ట్ క్వార్టర్ ఇంకో నిమిషం ఉందనగా ఫౌల్ పడిందంటే బాగా ఆడేవాణ్ణి బయటికి లాగేసి రెండో క్వార్టర్ మొదట్లో మళ్లీ ఆటలోకి దించేస్తా. ఆటలో పోయింది ఒక్క నిమిషమే, మధ్యలో 2 నిమిషాల బ్రేక్ కలిపితే వాడికి దొరికేది మూడు నిమిషాల పైమాటే. ఇంతకన్నా చవక బేరం ఆటలో లేదు.

ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో 40 నిమిషాలు, ఐదుగురు, మొత్తం 200 నిమిషాల కూలి. ఎనిమిది మంది ఉంటే ముగ్గురికి 32 చొప్పున, ఇద్దరికి 26, మిగిలిన 52 బెంచ్ ముగ్గురికి. వాళ్లతోపాటు మనిషికి ఐదు ఫౌళ్లు కూడా వస్తాయి, అవతలి పొడుగోణ్ణి ఆపడానికి మా ఎనిమిదో వాడి ఫౌళ్లే దిక్కు. కాకపోతే బెంచ్ ముగ్గురినీ ఒకేసారి ఆటలోకి దించొద్దు, బంతి పట్టుకుని నడిపేవాడు ఒకడన్నా కోర్టులో ఉండాలి.

1961-62లో విల్ట్ చాంబర్లైన్ ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడాడు, మ్యాచ్ ఉండేదే 48, ఎక్కువైంది ఓవర్‌టైం. అట్టాంటోడు కోటికొకడు. 2012లో శాన్ ఆంటోనియో కోచ్ గ్రెగ్ పోపోవిచ్ మయామీలో మ్యాచ్ ఉండగా స్టార్ ఆటగాడు టిమ్ డంకన్‌తో సహా నలుగురిని రెస్ట్ కోసం ఇంటికి పంపేశాడు, లీగ్ రెండున్నర లక్షల డాలర్ల ఫైన్ వేసింది. ఆయనేం మారలా. 2013-14 రెగ్యులర్ సీజన్‌లో ఆ టీంలో సగటున 30 నిమిషాలు ఆడినోడు ఒక్కడూ లేడు, చివర్లో ఫైనల్ కొట్టింది ఆ మయామీ మీదే.

మా పాయింట్ గార్డ్‌ని పోయిన వారం ఒంగోలు టీం మీద ఫస్ట్ క్వార్టర్ చివర్లో తీశా. మొహం గంటు పెట్టుకుని టవల్ నేలకేసి కొట్టాడు. నేనేం అనలా, అదే టవల్ తీసుకుని నీళ్లలో ముంచి మెడ మీద వేశా.